కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ పోయిందా? కంపెనీ పార్టు, బయటి బ్రాండు, లోకల్ మాల్, ఫ్యాన్ డైరెక్ట్: ఏది మేలు?

పొద్దున్నే కారు స్టార్ట్ కావడానికి రెండు మూడుసార్లు సెల్ఫ్ కొట్టాల్సి వస్తోంది. స్టార్ట్ అయిన క్షణం నుంచే రేడియేటర్ ఫ్యాన్ ఆగకుండా తిరుగుతోంది. మైలేజీ తగ్గింది, సైలెన్సర్ దగ్గర పెట్రోల్ వాసన వస్తోంది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతోంది. లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెడితే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ కోడ్ కనిపిస్తుంది. అక్కణ్ణుంచి సలహాలు మొదలవుతాయి. షోరూమ్‌లో కంపెనీ పార్టే వేయాలంటారు. విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో అడిగితే బాష్, డెన్సో లాంటి బ్రాండ్ చూపిస్తారు, పక్కనే పేరులేని చవక మాల్ కూడా ఉంటుంది. ఇక కొందరు మెకానిక్‌లు సెన్సర్ గొడవే వద్దు, ఫ్యాన్ డైరెక్ట్ చేసేద్దాం అంటారు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఫ్యాన్ డైరెక్ట్ వద్దు, పేరులేని మాల్ వద్దు. కంపెనీ పార్టు, పేరున్న బ్రాండ్ పార్టు రెండింట్లో మీ కారుకు సరిగ్గా సరిపోయేది ఏదైనా మంచిదే. అయితే వాటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: పోయింది నిజంగా సెన్సరేనా?

ఈ సెన్సర్ వేలెడంత ఉంటుంది. కొన కూలెంట్‌లో మునిగి ఉంటుంది, వెనక వైరు కనెక్టర్ ఉంటుంది. లోపలున్న థర్మిస్టర్ చల్లగా ఉన్నప్పుడు రెసిస్టెన్స్ ఎక్కువ చూపిస్తుంది, వేడెక్కేకొద్దీ తగ్గిస్తుంది. చాలా కార్లలో 20 డిగ్రీల దగ్గర 2 నుంచి 3 కిలో ఓమ్‌లు ఉంటే, 80 డిగ్రీలకు వచ్చేసరికి సుమారు 300 ఓమ్‌లకు పడిపోతుంది. ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్, అంటే ఈసీయూ, దానికి 5 వోల్టులు పంపి, తిరిగొచ్చే వోల్టేజీని బట్టి ఇంజన్ వేడి ఎంతో లెక్కగడుతుంది. పెట్రోల్ ఎంత చిమ్మాలి, స్పార్క్ ఎప్పుడివ్వాలి, ఐడిల్ ఎంత ఉండాలి, ఫ్యాన్ ఎప్పుడు తిరగాలి అనేవన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి. ఇంజన్ వేడెక్కినా ఇంకా చల్లగానే ఉందని సెన్సర్ చెబుతుంటే ఈసీయూ పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. ప్లగ్గులు నల్లబడతాయి, చాలాకాలం అలాగే వదిలేస్తే పొగలోని విషవాయువులను తగ్గించే ఖరీదైన కెటలిటిక్ కన్వర్టర్ దెబ్బతింటుంది.

సెన్సర్ వైరు తెగినా, కనెక్టర్ ఊడినా ఈసీయూకి కనిపించేది అంతులేని రెసిస్టెన్స్, అంటే విపరీతమైన చలి. అందుకే మే నెల మిట్టమధ్యాహ్నం విజయవాడలో నిలబడి చూస్తున్నా, స్కానర్ కలిపిన ఫోన్ తెరమీద కూలెంట్ మైనస్ 40 డిగ్రీలని కనిపిస్తుంది. సాధారణంగా దానితోపాటు పీ0118 కోడ్ ఉంటుంది. దీనికి ఎదురుది పీ0117, వైర్లు ఎక్కడో ఒకదానికొకటి తగిలి షార్ట్ అయితే వస్తుంది. అప్పుడు రీడింగ్ ఇంజన్ మరిగిపోతోందన్నట్టు పైకి ఎగబాకుతుంది. రెండు పిన్నుల సెన్సర్ అయితే ఒక తేలికైన పరీక్ష ఉంది. కనెక్టర్ ఊడదీస్తే రీడింగ్ మైనస్ 40కి పడాలి, కనెక్టర్ వైపున్న రెండు పిన్నులను చిన్న వైరుతో కలిపితే పైకి వెళ్లాలి. రెండూ జరిగితే వైరింగ్ బాగుంది, తప్పు సెన్సర్‌దే. జరగకపోతే ఎన్ని కొత్త సెన్సర్లు వేసినా డబ్బు దండగ.

మా బావ వ్యాగన్ఆర్‌కి జరిగింది ఇదే. సెన్సర్ మార్చి ఇచ్చారు, వారం తిరక్కముందే అదే కోడ్ మళ్లీ వచ్చింది. ఇంకో మెకానిక్ కనెక్టర్ ఊడదీసి టార్చి వేసి చూపించాడు. ఒక పిన్ను మీద పచ్చటి చిలుము, లోపలి రబ్బరు సీలు చిరిగి ఉంది. వాషింగ్ చేయించినప్పుడల్లా నీళ్లు అందులోకే వెళ్తున్నాయన్నమాట. కాంటాక్ట్ క్లీనర్ కొట్టినా పిన్ను పట్టు దొరకలేదు, చివరికి వైర్లతో సహా కనెక్టర్ మార్చాక సమస్య పోయింది. ముందు వేసిన సెన్సర్ శుభ్రంగా పనిచేస్తూనే ఉంది.

ఇంజన్ తగినంత వేడెక్కడం లేదని చెప్పే పీ0128 కోడ్ వస్తే ముందు చూడాల్సింది థర్మోస్టాట్‌ని, అంటే వేడిని బట్టి కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వుని. హైవే మీద గంటసేపు నడిపినా వేడి 65, 70 దగ్గరే ఆడుతోందంటే చాలాసార్లు థర్మోస్టాట్ తెరుచుకుని బిగుసుకుపోయిందని అర్థం, సెన్సర్ చెబుతున్నది నిజమే. కూలెంట్ తక్కువైనా తప్పుడు రీడింగ్ వస్తుంది, కొన కూలెంట్‌లో కాకుండా గాలిలో ఉండిపోతుంది కాబట్టి. సెన్సర్ మీద అనుమానం తీరాలంటే, రాత్రంతా ఆగి ఉన్న బండిని పొద్దున స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి, కూలెంట్ వేడి, లోపలికి వెళ్లే గాలి వేడి రెండూ పక్కపక్కనే చూడండి. దాదాపు సమానంగా ఉండాలి. మన దేశంలో బీఎస్-4 కార్లకు ఓబీడీ-2, అంటే కారు తన లోపాలను తానే గుర్తించి స్కానర్‌కి చెప్పే ఏర్పాటు, 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది కాబట్టి, ఆ తర్వాత వచ్చిన చాలా కార్లకు చవకైన బ్లూటూత్ స్కానర్ సరిపోతుంది.

సెన్సరే పోయిందని తేలింది. ఇప్పుడు పార్టు సంగతి.

కంపెనీ పార్టులో ఉన్న పెద్ద లాభం తప్పు పార్టు వచ్చే అవకాశం తక్కువ కావడం. ఒకే మోడల్ కారులో పెట్రోల్‌కి ఒకటి, డీజిల్‌కి ఒకటి ఉంటుంది. పిన్నులు కొన్నింటికి రెండు, కొన్నింటికి మూడు, కొన్ని పాత ఫోక్స్‌వ్యాగన్ కార్లలో నాలుగు. ఛాసిస్ నంబరు చెబితే కంపెనీ కౌంటర్‌లో సరైనదే తీసిస్తారు. ధర కొంచెం ఎక్కువే. అయితే ఇదేం ఇంజెక్టర్ కాదు, చాలా చిన్న కార్లకు బిల్లు వందల్లోనే తేలుతుంది. వారంటీలో ఉన్న బండికి ఇంకో ఆలోచనే అక్కర్లేదు, నేరుగా షోరూమ్‌కే వెళ్లండి.

పేరున్న బ్రాండ్ పార్టు నాణ్యతలో దీనికి తీసిపోదు. బాష్, డెన్సో లాంటి సంస్థలు కార్ల కంపెనీలకే సెన్సర్లు సరఫరా చేసేవి. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది పార్టు నంబరు దగ్గర. పాత సెన్సర్ చేతిలో పట్టుకెళ్లి దాని మీది నంబరుతో సరిచూసుకోండి. కనెక్టర్ పట్టింది కదా, మర కూడా సరిపోయింది కదా అని తెచ్చుకుంటే లాభం లేదు. రెసిస్టెన్స్ లెక్క వేరైతే ఇంజన్ 90 డిగ్రీల్లో ఉంటే ఈసీయూకి 75 అని వినపడుతుంది, లైటు కూడా వెలగదు. నన్నడిగితే నాలుగైదేళ్లు దాటిన బండికి, నమ్మకమైన షాపు తెలిసి ఉంటే, ఇదే మంచి బేరం. వారంటీ ఎటూ ఉండదు, మిగిలిన డబ్బు కొత్త కూలెంట్‌కి పనికొస్తుంది.

పేరులేని మాల్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కొత్తలో పనిచేస్తుంది, వేడికి, వైబ్రేషన్‌కి రీడింగ్ జారిపోవడం మొదలవుతుంది. అది ఒక్కసారిగా చస్తే కోడ్ వస్తుంది, మెల్లగా జారితే కోడ్ కూడా రాదు, మైలేజీ మాత్రం తింటూ ఉంటుంది. కంపెనీ పెట్టెలో అమ్మే నకిలీలూ ఉన్నాయి, అందుకని బిల్లిచ్చే చోటే కొనండి. తూకం రాళ్లలాగే సెన్సర్ కూడా పని చేయడం కాదు, నిజం చెప్పడం ముఖ్యం. ఇంట్లో మల్టీమీటర్ ఉంటే బిగించే ముందు ఒకసారి చూసుకోవచ్చు. మన ఎండాకాలపు గది వేడికి చాలా సెన్సర్లు 2 కిలో ఓమ్‌ల లోపే చూపిస్తాయి, కొన వేడినీళ్ల గ్లాసులో ముంచితే అంకె ఎక్కడా ఎగరకుండా సాఫీగా దిగాలి. తుక్కు బండి నుంచి తీసిన సెన్సర్ కూడా వద్దు. అది ఎంత వేడి తిని వచ్చిందో ఎవరికీ తెలియదు.

ఫ్యాన్ డైరెక్ట్ మీద నాకు చాలా కోపం. ఇందులో చేసేది ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఫ్యాన్ తిరిగేలా వైరు లాగడం. ఖర్చు తక్కువ, బండి వేడెక్కదని ధైర్యం చెబుతారు. కానీ ఈసీయూకి ఇంజన్ వేడి తెలియకపోవడం అలాగే ఉంటుంది, పెట్రోల్ అలాగే పోతుంటుంది. అంతకన్నా ప్రమాదం ఇంకోటి. చాలా కార్లలో మీటర్ బోర్డులో కనిపించే వేడి సూచన కూడా ఈ సెన్సర్ లెక్క నుంచే వస్తుంది. రాత్రీపగలూ తిరిగి అలసిన ఫ్యాన్ మోటార్ ఏదో ఒకరోజు ట్రాఫిక్‌లో ఆగిపోతే, ఎర్రలైటు వెలగాల్సిన చోట ఏదీ వెలగదు. తెలిసేది బానెట్ కింద నుంచి ఆవిరి వచ్చినప్పుడే. అప్పటికి ఇంజన్ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య సీలుగా ఉండే హెడ్ గాస్కెట్ పోతుంది, ఒక్కోసారి హెడ్డే వంగుతుంది. వందల్లో పోయే పని వేలల్లోకి వెళ్లేది ఇక్కడే. పనిలో పనిగా థర్మోస్టాట్ కూడా తీసేద్దాం అనేవాళ్లూ ఉన్నారు, వాళ్ల దగ్గర నుంచి తాళం తీసుకుని వచ్చేయండి.

ఇక బిగించేది ఎవరు? సెన్సర్ పైనే, థర్మోస్టాట్ హౌసింగ్ మీద చేతికందేలా ఉంటే ఇంట్లో చేసుకోవచ్చు. ఇంజన్ పూర్తిగా చల్లారాలి, పొద్దున్నే పెట్టుకుంటే మంచిది. వేడి ఇంజన్‌లో కూలెంట్ ప్రెషర్‌లో ఉంటుంది, అప్పుడు మూత తిప్పినా సెన్సర్ ఊడదీసినా ముఖం మీదకి చిమ్ముతుంది. కొత్త సెన్సర్‌తో వచ్చిన వాషరో ఓ-రింగో వాడండి, పాతది మళ్లీ వేయొద్దు. హౌసింగ్ అల్యూమినియందైతే, ప్లాస్టిక్‌దైతే మరీ, బలం చూపిస్తే మర పోతుంది. చేత్తో పట్టించి, సీటు తగిలాక పానాతో కొద్దిగా బిగిస్తే చాలు. సెన్సర్ ఇన్‌టేక్ కిందో, ఇంజన్ వెనకో దాగి ఉంటే మాత్రం మెకానిక్‌కే వదిలేయండి. పక్కవీధి మెకానిక్ అయినా పర్లేదు. స్కానర్ ఉండాలి, కోడ్ తుడిచి లైవ్ రీడింగ్ మీకు చూపించాలి. చూపించడానికి ఇష్టపడని చోట ఈ పని చేయించొద్దు.

కారిపోయిన కూలెంట్ స్థానంలో బోరు నీళ్లు పోయడం మన దగ్గర మామూలైపోయింది. నల్గొండ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే, ఉప్పదనం, సున్నం చాలా ప్రాంతాల్లో ఉంటాయి. ఆ సున్నం రేడియేటర్ గొట్టాల్లోనూ సెన్సర్ కొన మీదా పేరుకుంటుంది. మీ బండి మాన్యువల్ చెప్పిన రకం రెడీమిక్స్ కూలెంట్ పోయండి. తర్వాత హీటర్ ఫుల్ హాట్‌లో పెట్టి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజన్ నడవనివ్వండి, లోపలి గాలి బయటికొస్తుంది. చల్లారాక రిజర్వాయర్‌లో మట్టం చూసి నింపండి. కింద కారిన కూలెంట్‌ని మాత్రం అలాగే వదిలేయకండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, వీధికుక్కలు నాకుతాయి, అది వాటికి విషం. ఇసుకో రంపపు పొట్టో చల్లి ఎత్తి, ఆ చోటు బాగా కడిగేయండి.