హైవే బర్గర్లు: రేటు బోర్డు మీద కాదు, సంచీలో చూడండి

అమెరికాలో కారేసుకుని ఊళ్ళు తిరిగితే రోజుకి ఒక పూటైనా బర్గర్ తప్పదు, హైవే ఎగ్జిట్ దిగగానే ఎదురయ్యేవి అవే కదా. బోర్డు మీద రేటు చూసి ఇది చవక, అది దండగ అని తేల్చేయకండి, సంచీ విప్పాకే అసలు లెక్క.

ఫైవ్ గైస్ అనే బర్గర్ చెయిన్‌లో రేట్లు చూస్తే గుండె గుభేలుమంటుంది. కానీ అక్కడ మామూలు బర్గర్ అంటేనే రెండు ప్యాటీలు (మాంసం బిళ్ళలు), ఒకటి చాలనుకుంటే 'లిటిల్' అని అడగాలి, ఉల్లిపాయలు, పుట్టగొడుగులు, హాలపీనో మిరపకాయలు ఎన్ని వేయించుకున్నా అదనంగా తీసుకోరు. ఫ్రైస్ కప్పు నిండాక ఇంకాస్త సంచీలోకే కుమ్మరిస్తారు. చిన్న సైజు ఇద్దరం తిన్నా మిగిలింది, సంచీ అడుగు నూనె పీల్చుకుని అద్దంలా అయిపోయింది, కారు సీటు మీద మాత్రం పెట్టకండి! వేయించేది వేరుశనగ నూనెలో, పల్లీ అలర్జీ ఉంటే అటు పోవద్దు.

నాకైతే డబ్బుకి తగ్గ తిండి దొరికింది ఇన్-ఎన్-అవుట్ అనే చెయిన్‌లో. 1948లో కాలిఫోర్నియాలో మొదలైనప్పటి నుంచీ మెనూ పొట్టిదే. ఫ్రీజర్లు, మైక్రోవేవ్‌లు ఉండవు, దుంపలు అక్కడే కోస్తారు. కార్ల వరస చూసి భయపడ్డాం గానీ, కుర్రాళ్ళు ట్యాబ్ పట్టుకుని మన కారు దగ్గరికే వచ్చి ఆర్డర్ రాసుకుంటారు, ఇంత పొట్టి మెనూలో పొరపాటు పడే అవకాశమూ తక్కువే. ఫ్రైస్ మాత్రం నిమిషాల్లో మెత్తబడిపోతాయి, 'వెల్ డన్' (ఇంకాస్త వేయించమని) అని అడిగితే కాస్త నయం. తూర్పు తీరం వెళ్తుంటే దీని మీద ఆశ వదులుకోండి.

మాంసం తిననివాళ్ళకి అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ ఫ్రైస్ కూడా పనికిరావు, వాటిలో బీఫ్ ఫ్లేవర్ కలుస్తుంది. బర్గర్ కింగ్‌లో 2019 నుంచి ఇంపాజిబుల్ వాపర్ అనే మాంసం లేని ప్యాటీ బర్గర్ దొరుకుతోంది, అయితే మామూలుగా మాంసం కాల్చే మంట మీదే దాన్నీ కాలుస్తారు, విడిగా చేయమని ముందే చెప్పాలి. వెండీస్‌లో ఉడికి పొగలు కక్కే బేక్డ్ పొటాటో ఉంటుంది, కడుపు నిండుతుంది, పైన బేకన్ (పంది మాంసం) లాంటివి వేయకుండా చూసుకోండి.

'క్వార్టర్ పౌండ్' లాంటి మాటలు చూసి మురిసిపోకండి, ఆ 113 గ్రాములు కాల్చకముందు బరువు.

ఇక సర్వీసు. ఒక పెద్ద చెయిన్‌లో డబ్బులు కట్టించుకుని "కాస్త ముందుకెళ్ళి పార్క్ చేయండి, తెచ్చిస్తాం" అన్నారు. చాలా చోట్ల డ్రైవ్-త్రూ (కారు దిగకుండానే తిండి తీసుకునే) కిటికీ దగ్గర ఒక్కో కారు ఎంతసేపు ఆగిందో టైమర్ లెక్కపెడుతుంది, కారు కదిలితే వాళ్ళ లెక్కలో మన పని అయిపోయినట్టే. మా వెనక వచ్చిన కార్లన్నీ సంచీలు తీసుకుని వెళ్ళిపోతుంటే మేం వైపర్లు చూసుకుంటూ కూర్చున్నాం, తీరా వచ్చిన సంచీలో ఒక బర్గర్ తక్కువ. లోపలికెళ్ళి అడిగితే విసుక్కోకుండా వెంటనే చేసిచ్చారు, ఆ మాట కూడా చెప్పాలి. ఆ తర్వాత నుంచి వరస పొడుగ్గా ఉంటే కారు పక్కన పెట్టి లోపలికే నడుస్తున్నాం, సంచీ కౌంటర్ దగ్గరే విప్పి చూసుకుంటున్నాం. వెనక నిలబడ్డవాళ్ళు గుర్రుగా చూస్తారు, చూడనివ్వండి.