నెల్లూరులో రెండు రోజులు, కాఫీ గింజల వెంట

విజయవాడలో పొద్దున్నే పినాకిని రైలు ఎక్కితే పదింటికల్లా పెన్న వంతెన దాటి నెల్లూరులో దిగిపోవచ్చు. నెల్లూరు అనగానే చేపల పులుసే గుర్తొస్తుంది గానీ, మా అత్తయ్య పుట్టిల్లు అదే కాబట్టి ఆవిడ లెక్క వేరు. "మా నాయన నెలకోసారి దగ్గరుండి కాఫీ గింజలు వేయించుకొచ్చేవాడమ్మా, అది చూద్దాం పద" అంది.

ట్రంకురోడ్డు వెనక సందులో దొరికింది షాపు. బల్ల వెనక ఇనుప డ్రమ్ము, దాని మూతి కింద చిల్లుల పళ్లెం. పచ్చి గింజలు పోశాక ముందు ఎండుగడ్డి వాసన, కాసేపటికి కాల్చిన రొట్టె వాసన. వేడి 200 డిగ్రీల దాకా వచ్చేసరికి పేలాలు వేయించినట్టు చిటపట మొదలైంది. పెద్దాయన డ్రమ్ములోంచి చిన్న గరిటె లాగి వాసన చూసి, "రంగు మోసం చేస్తుందమ్మా, చప్పుడు వినండి" అన్నారు. మరుక్షణం తలుపు ఎత్తారు. గింజలన్నీ పొగతో పళ్లెంలోకి దూకాయి, కింద ఫ్యాను గాలి లాగేసింది.

ఆ తలుపు దగ్గరే నా మనసు ఆగిపోయింది. 1846లో అమెరికాలో కార్టర్ అనే ఆయన చేసిన రోస్టరులో, అంటే గింజలు వేయించే యంత్రంలో, గింజలు తీయాలంటే సిలిండరు మొత్తాన్ని పొయ్యిలోంచి బయటికి లాగాలి. ఆలోపు లోపలి గింజలు మాడుతూనే ఉంటాయి. 1864లో జాబెజ్ బర్న్స్ పేటెంటు తీసుకున్న రోస్టరులో డ్రమ్ము పొయ్యి మీద తిరుగుతుండగానే గింజలు వాటంతటవే బయటికి వస్తాయి. అర నిమిషంలో గింజ రంగు ఎంత మారుతుందో కళ్లారా చూశాక, కాఫీ రుచికి ఇంతకంటే పెద్ద మేలు ఎవరూ చేయలేదనిపించింది.

సాయంత్రం మాగుంట లేఅవుట్‌లో కొత్త కెఫేకి వెళ్లాం. అక్కడ వేడిగాలి రోస్టరు. అమెరికాలో మైకేల్ సివెట్జ్ 1970ల్లో తెచ్చిన పద్ధతి. గింజలు గాలిలో తేలుతూ వేగుతాయి, పొట్టు ఎగిరి పక్కకు పోతుంది. అరకు 'నేచురల్' కప్పు 220 రూపాయలు. పండు వాసనతో నిజంగా బాగుంది. కానీ గింజలు ఎప్పుడు వేయించారని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. అంత డబ్బు తీసుకున్నప్పుడు ఆ మాట చెప్పాలి. ఇంకో సంగతి: పండును పండుగానే ఎండబెడితే కెఫేలో 'నేచురల్', పాత షాపు బోర్డు మీద 'చెర్రీ'. తొక్క తీసి, పులియబెట్టి, కడిగిన అరబికా రకం గింజ అయితే 'ప్లాంటేషన్'. పేర్లు తెలిస్తే పాత షాపులోనూ మంచి సరుకు అడిగి తీసుకోవచ్చు. చికోరీ అనే వేరు పొడి ఎంత కలపాలో కూడా పెద్దాయన మనల్నే అడుగుతారు. ప్యాకెట్ పొడి కొనేవాళ్లు మాత్రం అట్ట మీద శాతం చూడండి. చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని మన ఆహార నిబంధన.

బస విషయానికొస్తే, మొదటి రాత్రి స్టేషన్ దగ్గర లాడ్జి. 900 రూపాయలు, దోమలు, వేడినీళ్లు ఏడింటి వరకే. రెండో రాత్రి 2,100 పెట్టి మాగుంట లేఅవుట్‌కి మారాం. లిఫ్టు ఉంది, అత్తయ్య మోకాళ్లకి హాయి. టిఫిన్ బాగుంది కానీ ఇన్‌స్టంట్ కాఫీ పోశారు, నెల్లూరులో! మైపాడు బీచ్ వెళ్లేవాళ్లు ఎండ తగ్గాకే వెళ్లండి, నీడ తక్కువ.

రాత్రి చూస్తే మేం కొన్న గింజల కవరు బంతిలా ఉబ్బింది. చెడిపోయాయేమోనని అత్తయ్యకి టెన్షన్. కొత్తగా వేయించిన గింజలు రోజుల తరబడి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంటాయి. అందుకే పెద్ద కంపెనీల ప్యాకెట్లకి గాలిని బయటికి మాత్రమే పంపే బొత్తాం లాంటి వాల్వు ఉంటుంది. ఆ మాట చెప్పగానే ఆవిడ చీర పిన్నీసు తీసి కవరుకి చిన్న చిల్లు పెట్టింది. గదంతా ఆ సందు వాసనే.

షాపుకి వెళ్లేవాళ్లు పదకొండు దాటాక వెళ్లండి. అంతకుముందు డ్రమ్ము వెలిగించరు.