పందిరా, నిలువు వలా? తీగపాదుకి ఏది మేలు?

బీర, కాకర గింజలు పెట్టిన రోజే ఆసరా కూడా నిలబెట్టుకోవాలి. తీగ సాగాక గుంజలు పాతితే వేళ్లు తెగుతాయి.

ఏది కట్టాలన్నది తేల్చేది ఖర్చు కాదు, తీగ ఎక్కే తీరు. బీర, కాకర, దొండ, సొర నులితీగలతో పట్టుకుంటాయి. వాటికి సన్నటి తాడో వలో అందాలి. లావుపాటి గుంజ ఒక్కటే ఉంటే పట్టు దొరక్క జారిపోతాయి. చిక్కుడు, తీగబచ్చలి, శంఖుపువ్వు అలా కాదు, కాడే కర్రను చుట్టుకుంటూ పైకి పోతుంది. అందుకే చిక్కుడుకి వల కొనడం దండగంటాను. నాలుగు కర్రలు పాతి కొసలు కలిపి కట్టినా, ఎండు కంప ఒకటి గుచ్చినా చాలు.

అసలు పేచీ మిగతా పాదులతోనే. పెరట్లో నేలుంటే నా ఓటు పందిరికే. నాలుగు సరుగుడు గుంజలు అడుగున్నర లోతున పాతి, ఆరడుగుల ఎత్తున వెదురు బొంగులు కట్టి, మధ్యలో అడుగుకో తాడు లాగితే సరి. కాయ కిందికి వేలాడుతుంది కాబట్టి వంకర పోదు, కోతకీ చేతికందుతుంది. పొట్లకి పందిరే కావాలి. కాయ కొసకి చిన్న రాయి కట్టి వదలాలంటే కింద ఖాళీ ఉండాలి కదా. దొండ ఒకసారి నాటితే ఏళ్ల తరబడి కాస్తుంది, ఏటా విప్పి కట్టే వలతో దానికి కుదరదు. వేసవిలో పందిరి నీడన కొత్తిమీర కూడా చల్లుకోవచ్చు. తీగ పైకి చేరేదాకా పక్క కొమ్మలు తుంచేయాలి. గుంజల అడుగున తారు పూయకపోతే చెద తినేస్తుంది.

మిద్దె మీద లెక్క మారిపోతుంది. గోతులు తవ్వలేం, జాగా తక్కువ. రెండు పాత పెయింట్ బకెట్లలో కాంక్రీటు పోసి ఇనుప పైపులు నిలబెట్టి, మధ్య నైలాన్ వల బిగిస్తే కాకరకి, బీరకి భేషుగ్గా సరిపోతుంది. ఉత్తర దక్షిణాలుగా పెడితే పొద్దున ఒకవైపు, సాయంత్రం రెండోవైపు ఎండ పడుతుంది. వల కన్నం చెయ్యి దూరేంత ఉండాలి. పిట్టల కోసం వేసే సన్న వల చవకే గానీ, బీరపిందె అందులో ఇరుక్కుని నడుం నొక్కుకుపోతుంది. తొండలూ ఉడతలూ చిక్కుకుంటాయి. ఇక టెన్షన్ పెట్టేది గాలి. ఆకు నిండిన వల తెరచాపలా గాలిని పట్టేస్తుంది. పైపుల్ని పిట్టగోడకి కూడా కట్టకపోతే ఈదురుగాలికి బకెట్లతో సహా కూలుతుంది.

పొడుగు సొరని మాత్రం వల ఎక్కించొద్దు, కాయల బరువుకి సాగిపోతుంది. ఒక్కో కాయ కింద పాత చున్నీ కట్టి మోయించొచ్చంటారు గానీ, అన్నింటికీ ఎవరు కడతారు! పక్కన పెంకుల కప్పుంటే సొరనీ గుమ్మడినీ దానిమీదికే పాకించండి.