అండమాన్‌లో మొదటి సాయంత్రం: తిరుపతి నుంచి వెళ్లేవాళ్లు ముందే చూసుకోవాల్సినవి

జనవరిలో హేవ్‌లాక్ దీవిలో ఐదుంబావు కల్లా పొద్దు గూకిపోతుంది. అదే రోజు తిరుపతిలో ఆరు దాటాక గానీ సూర్యుడు దిగడు. రెండు చోట్లా టైమ్ ఒకటే, కానీ ఆ దీవి మనకంటే తూర్పుగా దాదాపు 14 డిగ్రీల దూరంలో ఉంది, అందుకే అక్కడ అన్నీ గంట ముందే జరిగిపోతాయి. ట్రావెల్ ఏజెంటు ఇచ్చే ప్యాకేజీ కాగితంలో "సాయంత్రం బీచ్ విజిట్" అని ఒక లైను ఉంటుంది, ఆ సాయంత్రం ఎన్నింటికి అయిపోతుందో మాత్రం ఎవరూ రాయరు. మనమేమో ఊళ్లో అలవాటు కొద్దీ కాసేపు పడుకుని లేచి, కాఫీ తాగి ఐదున్నరకి కదులుదాం అనుకుంటాం. ఐదున్నరకి అక్కడ టార్చిలైటు కావాలి.

మేం సంక్రాంతి సెలవుల్లో వెళ్లాం. కనుమ నాడు కాకైనా కదలదు అని మా అత్త ఒక్కటే పట్టు, కాబట్టి పండగ పూర్తయ్యాకే ప్రయాణం. మామ అయితే అసలు అంత దూరం ఎందుకన్నాడు. 2022లో జిల్లాలు మారినప్పుడు సూళ్లూరుపేట, వాకాడు వైపు మన జిల్లాలోకి వచ్చాయి కదా, తూపిలిపాళెం బీచ్ ఇప్పుడు మనదే, పొద్దున పోయి రాత్రికి ఇంట్లో పడొచ్చు అని ఆయన వాదన. తూపిలిపాళెం నాకూ ఇష్టమే. సరుగుడు తోటలు, చేపల పడవలు, జనం తక్కువ. కానీ రాత్రి ఉండడానికి తగ్గ ఏర్పాట్లు తక్కువ, పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే చీకటి పడేలోపు కారెక్కాల్సిందే. రూముల సంగతికొస్తే మహాబలిపురం మేలు, ఏ బడ్జెట్‌కి ఆ బడ్జెట్‌లో దొరుకుతాయి, తిండికీ లోటు లేదు, కాకపోతే శనాదివారాల్లో చెన్నై అంతా అక్కడే ఉంటుంది. ఇంకో సంగతి, మన తీరంలో ఎక్కడికి పోయినా సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడే గానీ సముద్రంలోకి దిగడు, మన వీపు వెనక ఊరి మీదుగా దిగుతాడు. మన వైపు సాయంత్రం చూడాలంటే పౌర్ణమి నాడు పోవాలి, అటు పొద్దు గూకే వేళకే ఇటు నీళ్లలోంచి చంద్రుడు లేస్తాడు. ఆ ఒక్క రోజు మటుకు తూపిలిపాళేన్ని ఏ దీవీ కొట్టలేదని నా అభిప్రాయం.

సరే, అండమాన్ సంగతి. రేణిగుంట నుంచి నేరుగా విమానం లేదు, చెన్నై పోవాల్సిందే. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా కారులో మూడు గంటల పైనే పడుతుంది. అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్‌కి పోయే విమానాలు చాలావరకు తెల్లవారుజామునో, పొద్దున్నో ఉంటాయి కాబట్టి మన ఊరి వాళ్లు చేసే పని అర్ధరాత్రి ఇంట్లోంచి బయల్దేరడం, రూము డబ్బులు మిగులుతాయని. మిగులుతాయి, నిజమే. కానీ రాత్రంతా కారులో, తర్వాత విమానంలో రెండు గంటల పైన, తర్వాత అక్కణ్ణుంచి హేవ్‌లాక్‌కి బోటులో ఇంకో గంటన్నర, ఇంత తిరిగి బీచ్‌కి చేరేసరికి పెద్దవాళ్లకి సముద్రం మీద ఆశ పోయి పరుపు మీద ఆశ పుడుతుంది. మేం ముందు రాత్రి చెన్నై ఎయిర్‌పోర్టు ఉన్న మీనంబాక్కం దగ్గర ఒక మామూలు లాడ్జిలో పడుకున్నాం. గది చిన్నది, గీజర్ పని చేయలేదు, కిటికీ తీస్తే ఎదురుగా గోడ. అయినా ఆ నాలుగైదు గంటల నిద్ర వల్లే మరుసటి సాయంత్రం మామ ఇసుకలో నడవగలిగాడు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఈ ఖర్చు దగ్గర మాత్రం లెక్క చూసుకోవద్దు.

పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అని మార్చారు, హేవ్‌లాక్‌ని అంతకుముందే 2018లో స్వరాజ్ ద్వీప్ చేశారు. టికెట్ల మీద ఒకటి, డ్రైవర్ల నోట్లో ఇంకొకటి, కంగారు పడకండి.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి. మొదటి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఆగాలా, దిగిన రోజే బోటెక్కి హేవ్‌లాక్ పోవాలా? ప్యాకేజీలన్నీ మొదటిదే చేస్తాయి, పొద్దున దిగిన వాళ్లని సెల్యులార్ జైలు, కార్బిన్స్ కోవ్ బీచ్, రాత్రికి జైల్లో సౌండ్ అండ్ లైట్ షో అని తిప్పుతాయి. జైలు చూడాల్సిందే, 1906లో కట్టడం పూర్తయిన ఆ ఒంటరి గదుల వరస ముందు నిలబడితే ఎవరికైనా మాట పడిపోతుంది. కానీ ఆ జైలు చూసిన వెంటనే బీచ్‌లో ఐస్‌క్రీమ్ తింటూ కూర్చోవడం నాకైతే కుదరదు. పైగా కార్బిన్స్ కోవ్ ఊరికి దగ్గర, టెంకాయ చెట్ల వరసతో ఫొటోల్లో బాగుంటుంది, అక్కడికి పోతే వాటర్ స్పోర్ట్స్ వాళ్ల కేకలు, పార్కింగ్ గొడవ. విమానం మధ్యాహ్నం దిగేదైతే వేరే దారి లేదు, ఆ రోజుకి జైలూ షో చూసి పడుకోండి, బీచ్‌ని మరుసటి రోజుకి వదిలేయండి. పొద్దున్నే దిగేవాళ్లయితే మాత్రం మధ్యాహ్నం బోటు పట్టుకుని హేవ్‌లాక్ పోవడమే మేలు, జైలు తిరుగు ప్రయాణంలో చూసుకోవచ్చు. మేం అదే చేశాం.

బోట్లలో రెండు రకాలు. మక్రూజ్, నాటికా లాంటి ప్రైవేటువి ఏసీవి, వేగంగా పోతాయి, టికెట్ ముందే ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ప్రభుత్వ బోట్లు బాగా చవక, నెమ్మది, బయటివాళ్లకి టికెట్ దొరకడం కష్టం, కానీ పైన డెక్ మీద నిలబడి గాలి పీల్చుకోవచ్చు, ఎగిరే చేపలు కనబడొచ్చు. ప్రైవేటు వాటిలో కింది తరగతిలో కూర్చుంటే అద్దాల మీద ఉప్పు పేరుకుని బయట ఏం కనబడదు, బస్సులో కూర్చున్నట్టే. మేమెక్కింది గంట ఆలస్యంగా కదిలింది, ఎందుకో చెప్పిన నాథుడు లేడు, కౌంటర్‌లో అడిగితే వెయిట్ కరో అన్నారు అంతే. టెన్షనంతా నాదే, ఎందుకంటే ఆ గంట నేరుగా మా సాయంత్రంలోంచి కోత పడుతోంది. సముద్రం పడని వాళ్లు వాంతి మాత్ర బోటు కదలక ముందే వేసుకోవాలి, కదిలాక వేసుకుంటే మాత్రే బయటికొస్తుంది. మా మరిది దాన్ని ప్రాక్టికల్‌గా నిరూపించాడు.

హేవ్‌లాక్ జెట్టీలో దిగేసరికి మూడున్నర. రిసార్ట్ వాళ్ల బండి వస్తుందన్నారు, రాలేదు, ఫోన్ చేస్తే దారిలో ఉందన్నారు, పావుగంట చూసి ఆటోలు మాట్లాడుకున్నాం. రిసెప్షన్‌లో వెల్‌కమ్ డ్రింక్ ఇచ్చి, అందరి ఆధార్ కార్డులూ ఒక్కొక్కటే జిరాక్స్ తీస్తూ కూర్చున్నారు. అక్కడ నేను చేసిన మంచి పని ఒకటే, ఒక్కరిని కౌంటర్ దగ్గర వదిలి మిగతావాళ్లందరినీ సామాన్లు కూడా చూసుకోకుండా కదిలించడం. అప్పటికి నాలుగు దాటింది.

ఇక్కడ మేం రెండు గుంపులయ్యాం. మా రూములు తూర్పు వైపు, విజయనగర్ బీచ్ పక్కన. పేరు విని మామ మనవాళ్ల ఊరేమో అనుకున్నాడు, కాదు, బెంగాలీల ఊరు. 1950లలో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన కాందిశీకులకి ఇక్కడ భూములిచ్చారు, దీవిలో బజారు మాట, తిండి అంతా ఇప్పటికీ వాళ్లదే. అందరూ చెప్పుకునే రాధానగర్ బీచ్ పడమటి వైపు, జెట్టీ నుంచి పన్నెండు కిలోమీటర్లు. పెద్దవాళ్లు రూమ్ ముందున్న బీచ్‌లోనే ఉంటామన్నారు, పిల్లలు, మేం రాధానగర్‌కి పోయాం. ఆటోవాడు ఆగి మళ్లీ తీసుకొచ్చేలా ముందే మాట్లాడుకోవాలి, చీకటి పడ్డాక అక్కడ బండి దొరకడం కష్టం. స్కూటర్లు అద్దెకిస్తారు, రోజుకి రూ.500 అటూ ఇటూ, లైసెన్స్ అడుగుతారు, కానీ అడవి మధ్య మలుపుల రోడ్డులో మొదటి రోజే రాత్రిపూట అలసటతో నడపడం నాకు నచ్చదు.

రాధానగర్ నిజంగా బాగుంది. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచ్ అన్నది దీన్నే. 2020లో మన విశాఖ రుషికొండతో పాటు దీనికీ బ్లూ ఫ్లాగ్ వచ్చింది, అంటే శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు. ఆ గుర్తింపు వల్ల మనకి కనబడే లాభం ఏమిటంటే బట్టలు మార్చుకునే గదులు, మరుగుదొడ్లు, చెత్తబుట్టలు ఉన్నాయి, ఓ మోస్తరు శుభ్రంగా కూడా ఉన్నాయి. పెద్ద పెద్ద చెట్ల కిందనుంచి నడిచి ఒక్కసారిగా తెల్లటి ఇసుకలోకి వస్తాం. రాళ్లు లేవు, చాలా దూరం దాకా నడుం లోతే, పిల్లలని నీళ్లలోకి వదలడానికి భయపడక్కర్లేదు. అయినా గార్డులు విజిల్ పట్టుకుని కాపలా ఉంటారు, వాళ్ల మీద చాలామంది విసుక్కుంటున్నారు, నేను మాత్రం వాళ్ల పక్షమే. 2010లో ఈ తీరంలోనే నీల్స్ కోవ్ అనే వైపు ఒక విదేశీ పర్యాటకురాలిని ఉప్పునీటి మొసలి చంపేసింది. మొసలి హెచ్చరిక బోర్డు ముందు నిలబడి సెల్ఫీ దిగి, ఆ వెంటనే అటే పోయే మనుషులున్నప్పుడు విజిల్ ఊదకపోతే ఎలా?

మాకు నీళ్లలో దొరికింది అరగంట. సూర్యుడు ఎర్రబడి నీళ్లకేసి దిగుతున్నాడు, సరిగ్గా చివరి వేళలో ఒక మబ్బు అడ్డం వచ్చింది, అంతా ఫోన్లు కిందికి దించేశారు. మా పాపకి మటుకు ఆ రంగులు చాలు, అది అసలు సూర్యుణ్ణి చూడలేదు, అలలతో పోట్లాడుతూనే ఉంది. పొద్దు గూకగానే విజిళ్లు, అందరూ బయటికి. ఆ టైములో ఇసుకలో కూర్చోవద్దు, కంటికి కనబడనంత చిన్న పురుగులు కాళ్లకి కుడతాయి, దద్దుర్లు రెండు మూడు రోజులుంటాయి. ఫుల్ ప్యాంటు వేసుకుంటే సరి.

తిరిగొచ్చేసరికి పెద్దవాళ్ల సాయంత్రం ఇంకోలా గడిచింది. విజయనగర్ వైపు ఆ వేళకి నీళ్లు వెనక్కి పోయి ఉన్నాయి, స్నానానికి పనికిరాదు, చూసినంత దూరం రాళ్లు, పగడపు ముక్కలు, చిన్న చిన్న గుంటల్లో చేపపిల్లలు. నీళ్లు పైకొచ్చే పోటు, వెనక్కి పోయే పాటు వేళలు రోజూ ముప్పావుగంట పైన ఆలస్యమవుతుంటాయి, కాబట్టి బుక్ చేసేటప్పుడు మీరు దిగే రోజు సాయంత్రం ఏది పడుతుందో చూసుకోండి, స్కూబా దుకాణాల వాళ్లని అడిగినా చెప్తారు. రాధానగర్‌లో ఈ బాధ అంతగా లేదు. మా అత్తకి మాత్రం ఆ గుంటలు చూడటమే పండగైంది, చీర చెంగులో గవ్వలు ఏరుకుంది కూడా. రిసార్ట్ అబ్బాయి వచ్చి, అమ్మా, అవి తీసుకుపోకూడదు, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు అన్నాడు. "తిరుమలలో లడ్డూ అయినా కొనుక్కోనిస్తారు, ఇక్కడ గవ్వ కూడా ఇవ్వరే" అని సణుక్కుంటూ మళ్లీ వేసేసింది. ఆ వైపు ఉన్న లాభం మరుసటి పొద్దున తెలిసింది, ఐదూ నలభైకి సూర్యుడు రూమ్ ఎదురుగా నీళ్లలోంచి లేచాడు, మామ గుమ్మంలోనే నమస్కారం చేసుకున్నాడు. పెద్దవాళ్లుంటే ఈ వైపే తీసుకోండి, బజారు దగ్గర, మందుల షాపు దగ్గర. కుర్ర జంటలైతే రాధానగర్ దగ్గర డబ్బు ఎక్కువ పెట్టినా తప్పులేదు.

సిగ్నల్ గురించి అందరూ అడుగుతారు. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక చాలా నయమంటారు, మాకు ఫోన్ మాట్లాడటానికి ఇబ్బంది లేదు, వీడియో కాల్ మాత్రం తిరుగుతూనే ఉంది. ఏటీఎంలు తక్కువ, కొంత నగదు దగ్గర పెట్టుకోండి. కరెంటు రెండుసార్లు పోయింది, జనరేటర్ వేశారు.

తిండి దగ్గరే అసలు చిక్కు. ఆరింటికే చీకటి కాబట్టి ఎనిమిదికి అర్ధరాత్రిలా ఉంటుంది, కిచెన్ కూడా తొందరగా కట్టేస్తారు, బీచ్‌కి పోయే ముందే ఆర్డర్ చెప్పి పోవాలి. వంజరం వేపుడు తాజాగా ఉంది, రేటు కూడా చెన్నై కంటే నయమే. కూరలన్నీ ఆవనూనెతో చేశారు, ఆ వాసనకే అత్త ప్లేటు పక్కకి నెట్టేసింది. సంక్రాంతి నిప్పట్లు, అత్తిరాసాలు, ఒక డబ్బా పప్పుల పొడి తెచ్చుకున్నాం కాబట్టి ఆ పూట గడిచింది. వంటగదిలో ఒక కుర్రాడు మా మాటలు విని బయటికొచ్చాడు, శ్రీకాకుళం వైపు నుంచి పనికి వచ్చాడట. అత్త అతన్ని కూర్చోబెట్టి వేరుశనగ నూనె ఉందా, చింతపండు ఉందా, మిరియాలున్నాయా అని ఆరా తీసి, రేపు మాకింత చారు పెట్టు నాయనా అంది. పెడతానన్నాడు, పెట్టాడు కూడా, బాగుంది. బిల్లులో మాత్రం దాన్ని స్పెషల్ సూప్ కింద వేసి, మనిషికి ఇంత అని లెక్క కట్టారు.