నీల్స్ బాల్ టోకెన్: మూతబడిన ఓ పల్లె క్రాసింగ్ స్టేషన్ అనుభవం

సింగిల్ లైన్ మీద రెండు బళ్లు ఎదురుపడకుండా ఆపడంలో నీల్స్ బాల్ టోకెన్ కంటే నమ్మకమైన యంత్రం మా మీటర్ గేజ్ రోజుల్లో లేదు. అవతలి స్టేషన్ మాస్టరు ఒప్పుకుని సహకరిస్తే తప్ప ఇవతలి యంత్రంలోంచి బంతి, అంటే డ్రైవరుకు ముందుకెళ్లే అనుమతిగా ఇచ్చే టోకెను, బయటికి రాదు. ఒకటి వచ్చాక ఏ కొసనా రెండోది రాదు. బండి బయల్దేరితే అవతలి స్టేషనుకు కరెంటు గంట మూడు కొట్లు, సెక్షన్ (రెండు స్టేషన్ల మధ్య లైను) ఖాళీ అయితే నాలుగు.

ఏడిపించేది యంత్రం కాదు, బంతి. ఆగని బండి నుంచి, బంతి ఉన్న తోలు సంచి కట్టిన రింగు అందుకునేటప్పుడు ఆ సంచి కుట్టు వదిలిందా, బంతి కంకరలో పడ్డట్టే. బండి క్షేమంగా దాటిపోయినా ఆ బంతి యంత్రంలో పడేదాకా రెండు కొసలా లైను తాళం వేసినట్టే ఉంటుంది. అప్పుడిక రెండు స్టేషన్ల మాస్టర్లు ఒప్పుకున్నదానికి రుజువుగా ప్రైవేట్ నంబర్లు ఇచ్చిపుచ్చుకుని, డ్రైవరుకు బంతికి బదులు పేపర్ లైన్ క్లియర్ టికెట్ అనే కాగితం రాసి పంపాలి. ఈలోగా ఎదురు బండి స్టేషనులోని పక్క లైనైన లూప్‌లో నిలబడే ఉంటుంది. వెతికేవాళ్లు రింగు అందుకున్న చోటే తచ్చాడతారు. బండి వేగానికి బంతి ముందుకు దొర్లుతుంది కాబట్టి బండి వెళ్లిన వైపే, ప్లాట్‌ఫారం వాలు దాటి, పొదల మొదళ్ల దాకా చూడాలి. డ్రైవరు ఇవ్వడం మరిచి పై స్టేషనుకు మోసుకుపోతే అక్కడి యంత్రంలో అది పట్టదు. పక్కపక్క సెక్షన్ల బంతుల గాడి వేరుగా ఉంటుంది. అది మంచికే, కానీ బంతి వెనక్కి రావాల్సిందే.

ఎండాకాలం యంత్రం కరెంటుకు ఎర్త్ ఇచ్చే గుంత ఎండితే గంట బలహీనపడుతుంది. ఉప్పు, బొగ్గు వేసిన ఆ గుంతలో నీళ్లు పోయిస్తూ ఉండాలి.

నమ్మకమైనదన్నాను గానీ, బండి పూర్తిగా వచ్చిందో లేదో దీనికి తెలియదు. చివరి పెట్టె తోకదీపం మనిషే చూడాలి. అందుకే రాత్రీ పగలూ స్టేషన్ మాస్టరు, పోర్టరు ఉండాలి. 1992లో లైన్లను బ్రాడ్ గేజ్‌కు మార్చే యూనిగేజ్ పథకం మొదలై గేజ్ మార్పిడి మా లైనుకు వచ్చాక ఆ ఖర్చే లెక్కకొచ్చింది. లూప్ పీకేశారు, అటూ ఇటూ ఉన్న రెండు సెక్షన్లను ఒకటి చేశారు, స్టేషను మాస్టరు లేని హాల్ట్ అయింది. కొన్నాళ్లు కమిషన్ ఏజెంటు టికెట్లమ్మాడు. తర్వాత బళ్లు ఆగడమే మానేశాయి. ఊరికి బస్సు తప్ప గతి లేకుండా పోయింది, ఆ బాధ నాకు ఇంకా తీరలేదు.

మాలా రోజుకు కొద్ది బళ్లుండి, చెయ్యి తిరిగిన పోర్టరు ఉన్నచోట దీనికి సాటి లేదు. బళ్లు ఎక్కువైన చోట మాత్రం పెట్టెల ఇరుసులు లెక్కించే యాక్సిల్ కౌంటర్‌తో నడిచే, బంతి అక్కర్లేని టోకెన్‌లెస్ బ్లాకే సరైనది.