పచ్చబొట్టు దగ్గర ఆగిపోయిన స్మార్ట్‌వాచ్

రెండేళ్లు దాటింది ఈ వాచీ కొని. ఇందులో నేను నిజంగా వాడుకునేది గుండె వేగం చూపించే సదుపాయం ఒక్కటే. మెసేజీలు, పాటలు, నిద్ర లెక్కలు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. బ్యాటరీ కొత్తలో వచ్చినంత ఇప్పుడు రావడం లేదు. కంపెనీ పేరు చెప్పను. నేను చెప్పేది వెనకవైపు పచ్చ లైటు వెలిగే వాచీలన్నిటికీ వర్తించే విషయం.

మాది తిరుపతి. వీలు దొరికినప్పుడల్లా కొండకు నడిచి వెళ్లడం మా ఇంట్లో అలవాటు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. గాలిగోపురం దాకా ఎక్కడమే ఎక్కడం. ఆ తర్వాత చాలా దూరం దారి సాపుగా ఉంటుంది. ఏడో మైలు ఆంజనేయస్వామిని దాటి మోకాళ్ల మెట్ల దగ్గరికి వచ్చేసరికి, సాపు దారిలో నడిచిన ఊపులోనే వాటినీ ఎక్కేయబోతాం. గుండె దడ మొదలయ్యేది అక్కడే. నేను పెట్టుకున్న హద్దు దాటగానే వాచీ మణికట్టు మీద వణుకుతుంది, నేను పక్కకు జరిగి కూర్చుంటాను. ఎక్కేటప్పుడు అంకె ఎంత పెరిగిందన్నదాని కంటే, కూర్చున్న మొదటి నిమిషంలో ఎంత దిగిందన్నది చూడడం నాకు బాగా పనికొచ్చింది. మొదట్లో దిగడానికి చాలాసేపు పట్టేది, ఇప్పుడు గబగబా దిగుతోంది. ఒంట్లో మార్పును ఇలా కళ్లారా చూడడం నాకు ఎంత ధైర్యాన్ని ఇచ్చిందో చెప్పలేను. కనపడిన వాళ్లందరికీ కొనుక్కోమని చెప్పాను.

అదే ధైర్యంతో అమ్మ చేతికీ పెట్టాను. అమ్మకు అరవై దాటాయి, బీపీ ఉంది. మెట్లపూజ మొక్కు ఉందంది. అంటే ప్రతి మెట్టుకూ వంగి పసుపు రాసి, కుంకుమ పెట్టి, లేచి మళ్లీ పై మెట్టుకు వంగాలి. ఊరికే ఎక్కడం కంటే ఇది చాలా కష్టం. వాచీ ఉంటే నాకు టెన్షన్ ఉండదనుకున్నాను.

గాలిగోపురం ఇంకా చాలా దూరం ఉండగానే అంకె 48కి పడిపోయింది. కాసేపటికి అదీ పోయి రెండు గీతలు మిగిలాయి. అమ్మ ముఖమంతా చెమట. వాచీ తుడిచి, పట్టీ బిగించి మళ్లీ చూశాను, అవే గీతలు. నా కాళ్లలో సత్తువ పోయింది. అమ్మను షెడ్డు కింద కూర్చోబెట్టి, బొటనవేలి కింద నాడి మీద రెండు వేళ్లు పెట్టి, ఫోన్‌లో సెకన్లు చూస్తూ పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించాను. 112 వచ్చింది. మెట్లు ఎక్కుతున్న మనిషికి అది మామూలే. "నాకేం కాలేదు మే, నువ్వు నీళ్లు తాగు" అంది అమ్మ. ఆ రోజు మిగతా దారంతా వాచీని సంచీలో వేసుకుని, ఆగి ఆగి వేళ్లతోనే నాడి చూస్తూ వెళ్లాం.

తర్వాత సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే, "సెన్సర్ పోయినట్టుంది అక్కా, వదిలిపెట్టి వెళ్లండి" అన్నారు. చాలా రోజులు ఉంచుకుని, ఏ లోపమూ లేదని తిరిగి ఇచ్చారు. వాళ్ల కుర్రాడి చేతికి పెట్టి చూపించారు, చక్కగా అంకె వచ్చింది. ఇంటికొచ్చి నేను పెట్టుకుంటే నాకూ వచ్చింది. అమ్మ ఎడమ చేతికి పెడితే మళ్లీ గీతలే. వాచీని కాస్త పైకెత్తి చూస్తే, పచ్చ లైటు సరిగ్గా అమ్మ పచ్చబొట్టు మీద మిణుకుతోంది. చిన్నప్పుడు గంగజాతరలో పొడిపించుకున్న తేలు బొమ్మ అది. ఇన్నేళ్లకు గీతలు అలుక్కుపోయి మణికట్టు మీద నల్లటి మచ్చలా మిగిలింది. కుడి చేతికి మార్చగానే అంకె వచ్చేసింది.

ఈ వాచీలు పనిచేసే తీరు తెలిస్తే ఇందులో వింతేమీ లేదు. రక్తం పచ్చ వెలుతురును పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింద రక్తం కొంచెం పెరిగి తగ్గుతుంది కాబట్టి, తిరిగి వచ్చే వెలుతురూ అదే లయలో తగ్గి పెరుగుతుంది. సెన్సర్ లెక్కపెట్టేది ఆ హెచ్చుతగ్గులనే. మధ్యలో ముదురు రంగు సిరా ఉంటే వెలుతురును అదే మింగేస్తుంది. నా కోపమల్లా ఒక్కటే. పచ్చబొట్టు ఉన్నచోట సరిగా పనిచేయకపోవచ్చని కంపెనీలకు తెలుసు, వాటి ఇంగ్లీషు సూచనల్లో ఎక్కడో ఓ మూల రాసి ఉంటుంది. మా వైపు పెద్దవాళ్లలో ఎంతమంది ఆడవాళ్ల చేతులకు పచ్చబొట్లు లేవు? ఆ ఒక్క ముక్క పెట్టె మీద తెలుగులో వేస్తే ఏం పోయింది? అమ్మినవాళ్లూ చెప్పలేదు, సర్వీస్ సెంటర్‌లో అమ్మ చేయి చూపించమని అడిగినవాళ్లూ లేరు.

కుడి చేతికి మార్చాక గాజుల గొడవ మొదలైంది. వాచీ మణికట్టు ఎముకకు కాస్త పైన, బిగువుగా ఉండాలి. గాజులు దాన్ని కిందికి తోస్తాయి, పక్కనున్న బటన్‌ను నొక్కేస్తాయి. గాజులు తీయమని అమ్మను నేను అడగను. ఇప్పుడు వాచీని గాజులకు మోచేతి వైపు పెట్టి, కింద రెండు గాజులే ఉంచుకుంటోంది. చాలావరకు నిలుస్తోంది. పసుపు నీళ్లకు పట్టీ రంగు మారింది, కడిగినా పోలేదు.

నేను ఇంతకుముందు పొగిడినదాంట్లో ఇంకో మాట, వాచీ వణికే ఆ హద్దు సంగతి, కూడా సరిచేయాలి. గరిష్ఠ గుండె వేగానికి చాలా వాచీలు వాడేది 220లోంచి వయసు తీసేసే లెక్క. అది సగటు లెక్కే, మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. పైగా అమ్మ వేసుకునే బీపీ మాత్ర బీటా బ్లాకర్ రకం. అది గుండె వేగాన్ని అదుపులో ఉంచుతుంది కాబట్టి, అమ్మ ఎంత అలిసినా అంకె అంత పైకి పోదు. ఈ మాత్ర వేసుకునేవాళ్లు వాచీ అంకెను నమ్ముకుని ఎక్కకూడదని, ఎక్కుతూ మాట్లాడగలుగుతున్నారా లేదా చూసుకోవాలని డాక్టర్ చెప్పారు. అందుకే అమ్మ విషయంలో నేను వినేది గోవింద నామం. ఆయాసంతో నామం మధ్యలో తెగిందంటే అంకె ఎంతున్నా కూర్చోబెడతాను. వాచీని రెండోసారి సరిచూసుకోవడానికే వాడుతున్నాను.

నా వరకైతే మళ్లీ ఇలాంటిదే కొంటాను. నాకు బీపీ లేదు, చేతికి పచ్చబొట్టు లేదు, గాజులు రోజూ వేసుకోను. పెద్దవాళ్ల కోసం కొనేవాళ్లు మాత్రం వాళ్లను వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లండి. వాళ్ల చేతికే పెట్టి, దుకాణం మెట్లు రెండుసార్లు ఎక్కించి దించి, వేళ్లతో పట్టిన నాడితో అంకె కలుస్తోందా చూడండి. రెండు చేతులకూ పచ్చబొట్లుంటే పైచేతికి కట్టుకునే పట్టీ రకాలు దొరుకుతాయి. వాటిని మేమింకా వాడి చూడలేదు, జాకెట్టు చేయి కింద ఒరుసుకుంటుందని అమ్మ వద్దంటోంది.