పెరటి గుమ్మం వైపు నుంచి కోనసీమ

ఇళ్ళకు ప్లాన్లు గీయడం నా వృత్తి. అమ్మ పెరిగింది కోనసీమలో, రాజోలు దగ్గర ఒక మండువా లోగిలిలో. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. అలాంటి ఇంట్లో అమ్మతో కలిసి రెండు రాత్రులైనా గడపాలని సంక్రాంతి రద్దీ తగ్గాక బయలుదేరాం.

దారిలో ఒక రాత్రి లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్ళు అడగగానే ఇచ్చారు. కాని ఉన్న ఒక్క కిటికీ నడవాలోకి తెరుచుకుంటుంది. తెరిస్తే వచ్చేపోయేవాళ్ళకు మంచం కనిపిస్తుంది, మూస్తే గాలి రాదు. స్నానాలగదిలో చీర తగిలించుకోవడానికి కొక్కెం కూడా లేదు. ఒంటరిగా వచ్చే మగవాడిని మాత్రమే తలచుకుని గీసిన గది అది. ఆడవాళ్ళు అలాంటిచోట దిగవద్దనే చెబుతాను.

మరునాడు నర్సాపురం రేవులో పంటు (మనుషులనూ బండ్లనూ దాటించే పెద్ద పడవ) ఎక్కి, గోదావరి పాయ వశిష్ఠ దాటి సఖినేటిపల్లి చేరాం. మేము దిగిన ఇల్లు అక్కడికి దగ్గరే. పాత మండువా లోగిలిని బాగుచేయించి అద్దెకిస్తున్నారు. టిఫిను, రెండు పూటలా భోజనంతో రోజుకు 3,000 రూపాయలు. డబ్బుకు తగ్గ ఇల్లే. నాలుగు వైపుల నుంచీ పెంకుల చూరు లోపలికి వాలి, నడుమ ఆకాశం కనిపిస్తుంది. వాననీరు మండువాలో పడి తూము గుండా బయటికి పోతుంది. కరెంటు పోయినా మధ్యాహ్నం గదులు చల్లగానే ఉన్నాయి.

అమ్మ ఇల్లంతా తిరుగుతూ తన చిన్ననాటి ఇంటిని నాకు చూపించింది. వీధి అరుగు తాతయ్యదీ, ఆయన కోసం వచ్చేవారిదీ. పెద్దమనిషయ్యాక తాను అరుగు మీద కూర్చున్నట్టు గుర్తే లేదంది. ఎండా వానా మండువాలోకే వస్తుంటే వీధిలో ఏం పని అనేవారట పెద్దలు. నేను ఇన్నాళ్ళూ మండువాను గాలికీ వెలుతురుకీ కుదిరిన గొప్ప ఏర్పాటుగానే చూశాను. ఆడవాళ్ళను లోపలే ఉంచడానికీ అది పనికొచ్చిందని అమ్మ పక్కన నిలబడ్డాకే తెలిసింది.

మరి ఇరుగుపొరుగుతో మాటలో? పెరటి గుమ్మం దాటి, నూతి పక్కగా, అరటి చెట్ల మధ్య నుంచి పక్కింటి పెరట్లోకి. చేబదులు పప్పు, పురుళ్ళ కబుర్లు, అప్పడాల పని, అన్నీ ఆ దారినే. పెరళ్ళ వరుసే వాళ్ళ వీధి. ఏ ప్లానులోనూ గీయని ఆ దారికి ఈ ఇంట్లో ఎత్తైన ప్రహరీ అడ్డం వచ్చింది. అతిథుల ఏకాంతం కోసం కట్టించామన్నారు. గోడలో చిన్న తలుపైనా ఉంచవలసిందని ఇంటివారితో అన్నాను.

పెరటి మూల చిన్న గదిని ఒక్కరు ఉండేందుకు తక్కువ అద్దెకు ఇస్తున్నారు. అమ్మ దాని గడప దగ్గరే ఆగిపోయింది. నెలసరి వచ్చి బయట చేరిన రోజుల్లో ఆడవాళ్ళను ఉంచిన గది అది. ఇంటివారూ కాదనలేదు. టేకు స్తంభాల చరిత్ర అంత వివరంగా చెప్పేవారు ఈ గది సంగతి కూడా చెప్పాలి.

భోజనం అద్భుతం, పనసపొట్టు కూర ముఖ్యంగా. వంటిల్లు మాత్రం బాధ కలిగించింది. గట్టు ఎత్తు ఎక్కువై, వంటావిడ పీట మీద నిలబడి గరిటె తిప్పుతోంది. ఫ్రాంక్‌ఫర్టులో 1926లోనే మార్గరెటె షూటె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టు వంట చేసేవారి కదలికలను లెక్కగట్టి వంటిల్లు రూపొందించారు. ఆ గది ఒక్కరికే సరిపోయేంత ఇరుకు, వంట చేసే మనిషిని ఇంటివాళ్ళకు దూరం చేసిందన్న విమర్శ ఉంది. అయినా ఎవరి చేతులు ఎంత ఎత్తుకు అందుతాయో ఆమె అడిగారు. ఇక్కడ ఆ మాట ఎవరూ అడగలేదు.

తిరుగుదారిలో కోనసీమలోని పి.గన్నవరం ఆక్విడక్టు (నది పాయ మీదుగా కాలువను దాటించే వంతెన) దగ్గర ఆగాం. దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. వేళ కాని వేళ వచ్చిన బాటసారికీ అన్నం వండిపెట్టిన ఆ తల్లి (1841–1909) ఈ లంకల్లోనే, లంకల గన్నవరంలో ఉండేవారు. వంటింట్లోంచే ఊరందరి ఇల్లు కట్టిన మనిషి.

మీరు వెళ్తే మండువా వైపు గది అడగండి, పెరటి వైపు వాటికి కిటికీలు చిన్నవి. పంటు వేళలు ముందే కనుక్కోండి.

బయలుదేరే ముందు సాయంత్రం అమ్మను వీధి అరుగు మీద కూర్చోమన్నాను. కూర్చుంది. కాసేపటికి వీధి చివర సైకిలు మీద ఎవరో వస్తుంటే కొంగు సర్దుకుని లేచి లోపలికి వెళ్ళింది.